రివ్యూ చేసినోడి పూచీ ఎంతవరకు?

ఒక వస్తువు గురించి "కళ్ళు మూసుకుని కొనెయ్యండి" అని లోకానికంతా చెప్పినవాడు, కొన్నవాళ్ళలో ఒకడొచ్చి "అన్నా, నాలుగు నెలలకే పోయింది" అంటే ఏం చెయ్యాలి? పట్టించుకోవాలా? "నా దగ్గర బానే పనిచేసింది తమ్ముడూ" అని ఊరుకోవచ్చా? పది రోజులుగా మా టీములో లంచ్ టేబుల్ దగ్గర ఇదే గొడవ. ప్రొడక్షన్ బగ్గుల గురించి కూడా మేమెప్పుడూ ఇంత శ్రద్ధగా చర్చించుకోలేదు :)

ఈ గొడవకి మూలకారకుడు మా చిన్నాయన. మాది ఉయ్యాలవాడ. ఆళ్ళగడ్డ దగ్గర. 2022 ఏప్రిల్ దాకా కర్నూలు జిల్లా, ఆ తర్వాత నంద్యాల జిల్లా. ఊరి పేరు చెప్పగానే "సైరా?" అంటారు. అవును, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో తెల్లవాళ్ళు ఉరితీసిన నరసింహారెడ్డి పేరుకు ముందుండే ఉయ్యాలవాడే. 2019లో ఆ సినిమా వచ్చేదాకా మా ఊరెక్కడుందో హైదరాబాదు వాళ్ళకి చెప్పలేక నా తల ప్రాణం తోకకొచ్చేది. ఆ విధంగా చిరంజీవికి నేను ఋణపడి ఉన్నా.

చిన్నాయన శనగ వేస్తాడు. చేను కోతకొచ్చే రోజుల్లో అడవిపందులకి కాపలాగా రాత్రిళ్ళు చేలోనే పడుకుంటాడు. తోడుగా పద్యాలు. పౌరాణిక నాటకాల పద్యాలంటే ఆయనకి ప్రాణం. ఫోను స్పీకర్లో పెడితే పక్క చేనాయన తిడతాడని వెయ్యి చిల్లర పెట్టి ఒక నెక్‌బ్యాండు తెప్పించుకున్నాడు. ఇంట్లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఒకడు ఏడ్చాడు కదా, వాణ్ణొక మాట అడుగుదామని లేదు. తెలుగులో రివ్యూలు చేసే ఒకతని వీడియో చూసి, దాని కిందున్న లింకు నొక్కి కొన్నాడు. (కంపెనీ పేరూ ఆ రివ్యూయర్ పేరూ చెప్పను. నా దగ్గరున్న రుజువు ఎంతో ముందు ముందు మీకే తెలుస్తుంది.)

నాలుగో నెలలో ఎడమ చెవి వైపు మూగబోయింది. నేను ఊరెళ్ళినప్పుడు మాటల మధ్యలో బయటపడింది ఆ సంగతి.

"వారంటీ ఉంటుంది కదా చిన్నాయనా, వాళ్ళకి చెప్పకపోయినావా?"

"చెమటకి నేనే నానబెట్టినానేమోలే అబ్బీ. ఆ పిల్లోడు మంచిదనే చెప్పినాడు. ఆయప్పకేం పని అబద్ధం చెప్పడానికి? మనకే వాడ్డం రాలా."

నన్ను కుదురుగా కూచోనివ్వంది ఈ మాటే. వస్తువు పోయినందుకు కాదు. వెయ్యి రూపాయల వస్తువు పోతుంది, పోనీ. కానీ తప్పు తనదే అని ఆయన నమ్మేసాడు. తనలాంటివాళ్ళు ఇంకా ఉన్నారని తెలిసే దారి ఆయనకి లేదు. నా బుర్రలో పురుగు తొలిచింది. షాపింగ్ సైటులో ఆ మోడల్‌కి ఒక్క స్టారు ఇచ్చినవాళ్ళ గోడు ఒక రాత్రంతా కూచుని తేదీల వారీగా చదివా. "డెలివరీ లేటు", "డబ్బా నలిగింది" లాంటివి పక్కన పెట్టి, మిగిలినవి చూస్తే ఒకటే పాట. ఎడమ వైపు పోయింది, మూడు నుంచి అయిదు నెలల్లోపు. ఒకరు వరంగల్లు, ఒకరు బళ్ళారి, ఒకరు ఇంకెక్కడో. ఒకరికొకరు తెలీదు, అందరూ అదే చెవి గురించి ఏడుస్తున్నారు. చాలామంది రాత చిన్నాయన ధోరణిలోనే ఉంది: "బహుశా నా వాడకం వల్లేమో".

సదరు రివ్యూయర్‌కి మర్యాదగా ఒక మెయిలు రాసా. రెండ్రోజుల్లో జవాబిచ్చాడు, ఆ మాత్రం మెచ్చుకోవాలి. సారాంశం: మేము పది రోజులు వాడాం, ఏ ఇబ్బందీ రాలేదు, సర్వీసు సెంటరుని సంప్రదించండి.

మన భాషలో చెప్పాలంటే "వర్క్స్ ఆన్ మై మెషీన్".

ఇదే నేను లంచ్ దగ్గర చెప్పి "అతను కాస్త కనుక్కోవాల్సింది" అన్నా. మా టీం లీడు ఒప్పుకోలేదు. ఆయన వాదన ఇది: రివ్యూ అంటే ఒక మనిషి అభిప్రాయం. వాడి చేతికొచ్చిన పీసుని వాడాడు, అనిపించింది చెప్పాడు, అక్కడితో పనైపోయింది. పాడైన వాటి మీద విచారణ చెయ్యడానికి కంపెనీ ఉంది, సర్వీసు సెంటరుంది, వినియోగదారుల కమిషన్ ఉంది, ప్రభుత్వం ఉంది. సినిమా రివ్యూ రాసినోడు ఆళ్ళగడ్డ థియేటర్లో ప్రొజెక్టర్ మసగ్గా ఉందంటే వెళ్ళి లెన్సు తుడుస్తాడా?

నాలుగు మెతుకులు తినేలోపు ఇంత పోలిక తట్టినందుకు ఆయన్ని మెచ్చుకోవాల్సిందే. కానీ పోలిక అతకదు. సినిమా హైదరాబాదులో చూసినా ఆళ్ళగడ్డలో చూసినా అదే సినిమా. నెక్‌బ్యాండు అలా కాదు. రివ్యూయర్ చెవిలో ఉన్నదొకటి, చిన్నాయన మెడలో ఉన్నది ఇంకొకటి. అచ్చు ఒకటే గానీ టంకం వేసిన చెయ్యి వేరు, వైరు చుట్ట వేరు, బ్యాచి వేరు. ఒక పీసుని చూసి మోడల్ మొత్తం గురించి తీర్పు చెప్పడం రివ్యూ అనే ప్రక్రియలోనే ఉన్న లోటు. ఇందులో రివ్యూయర్ తప్పేం లేదు, వేరే దారి లేదు కూడా. ఐతే ఆ లోటుని పూడ్చే సమాచారం తన గుమ్మం ముందుకొచ్చి నిలబడితే తలుపేసుకోవడం మాత్రం తప్పే అంటాను.

కాస్త లెక్క చూద్దాం, ఇంజనీరింగ్ చదివినందుకు. ఒక మోడల్లో నూటికి అయిదు పీసులు ఆర్నెల్లలో పాడైపోతాయనుకోండి. అది చాలా పెద్ద లోపం, లక్ష అమ్మితే అయిదు వేలమంది ఏడుస్తారు. రివ్యూయర్ దగ్గరున్న ఒక్క పీసు బాగుండే అవకాశం 95 శాతం. అయిదుగురు రివ్యూయర్లు తలా ఒకటి ఆర్నెల్లపాటు వాడినా, అయిదుగురికీ ఏ తేడా కనపడకపోయే అవకాశం 77 శాతం. పదిమందైనా 60 శాతం. ఆర్నెల్లు వాడితేనే ఇది, పది రోజులకి సంగతి చెప్పక్కర్లేదు. పైగా కంపెనీ పంపిన పీసు కంపెనీ ఎంచి పంపిన పీసు. కాబట్టి "నా దగ్గర బాగానే ఉంది" అన్న మాట అబద్ధం కాదు గానీ, లోపం ఉందా లేదా అన్న ప్రశ్నకి అది జవాబే కాదు. ఆ అయిదు వేలమంది చెప్పేది వినడమొక్కటే మార్గం.

ఇంకోటి, రివ్యూ జరిగేది ఏసీ గదిలో. మా నంద్యాలలో మే నెలలో 45 డిగ్రీలు దాటిన రోజులుంటాయి. లిథియం బ్యాటరీని మామూలుగా ఛార్జింగ్ పెట్టుకోదగ్గ పై హద్దు కూడా సుమారు అంతే. డబ్బా మీద ఐపీఎక్స్5 అని వేస్తారు చూడండి, అది కొత్త పీసు మీద కొన్ని నిమిషాలపాటు మంచినీళ్ళు చిమ్మి చేసే పరీక్ష. నాలుగు నెలల ఉప్పు చెమటకీ దానికీ సంబంధం లేదు. ప్రకటనలో వానలో తడుస్తూ పరిగెత్తే కుర్రాడుంటాడు. వారంటీ కాగితంలో చీమ తలకాయంత అక్షరాల్లో "నీటివల్ల కలిగిన నష్టం వర్తించదు" అని ఉంటుంది. వీటిలో ఏది నమ్మాలో రివ్యూయర్ అడగాలి కదా కంపెనీని? అడిగినవాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు.

చవక సరుకు అంతేలే అంటారేమో, కాదు. ఆపిల్ ఎయిర్‌పాడ్స్ ప్రో 2019 అక్టోబరు చివర్లో అమ్మకానికొచ్చాయి. మొదటి వారంలో వచ్చిన రివ్యూల్లో చాలావరకు ఆహా ఓహో. తర్వాత కొందరికి చెవిలో చిటపటలు మొదలయ్యాయి. రణగొణల్లో, వ్యాయామం చేస్తున్నప్పుడు, ఫోన్ మాట్లాడుతున్నప్పుడు ఎక్కువయ్యేవి. 2020 అక్టోబరు చివర్లో, అంటే సరిగ్గా ఏడాదికి, ఆ నెలకు ముందు తయారైన వాటిలో కొద్ది శాతానికి ఈ సమస్య ఉందని ఆపిల్ ఒప్పుకుని ఉచితంగా మార్చిస్తామంది. మొదట కొన్న రెండేళ్ళ దాకా అన్నారు, తర్వాత మూడేళ్ళకి పెంచారు. ఈ మధ్యలో ఎంతమంది తమ ఫోన్నో, బ్లూటూతునో, చివరికి తమ చెవుల్నో అనుమానించి ఉంటారు! సోనీ డబ్ల్యూహెచ్-1000ఎక్స్ఎం5 సంగతీ అంతే. 2022లో వచ్చింది, ధ్వని గొప్పగా ఉందన్నారు, ఉంది కూడా. కీలు విరుగుతోందని కొన్నవాళ్ళు మొత్తుకున్నారు. 2025లో వచ్చిన ఎక్స్ఎం6లో ఆ కీలు మార్చారు. పది రోజుల రివ్యూలో కీలు విరగదు కదండీ.

నాకు బాగా నచ్చిన ఉదాహరణ టాపింగ్ అనే చైనా కంపెనీ ఎల్30 హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్. 2020లో వచ్చింది. కొలతలు తీసి రివ్యూ చేసేవాళ్ళు ఇంత శుభ్రమైన సిగ్నల్ ఈ ధరకి ఎక్కడా లేదని నెత్తిన పెట్టుకున్నారు. కొలతల్లో తప్పు లేదు. కొన్నాళ్ళకి కొందరి పీసులు చచ్చిపోవడం మొదలైంది. మనం ముట్టుకుంటే చిటుక్కుమనే స్టాటిక్ కరెంటు ఉంటుందే, అది లోపలికెళ్ళి సర్క్యూటుని పాడుచేసి, అవుట్‌పుట్‌లో డీసీ వదిలేది. హెడ్‌ఫోన్ లోపలి కాయిలుకి కావలసింది అటూ ఇటూ ఊగే సిగ్నలు. తిన్నగా డీసీ పారితే అది శబ్దం చెయ్యదు, వేడెక్కి కాలిపోతుంది. అంటే ఈ యాంపు తాను చస్తూ దానికన్నా ఎన్నో రెట్లు ఖరీదైన హెడ్‌ఫోన్ని వెంట తీసుకుపోయేది. చివరికి కంపెనీ లోపం ఒప్పుకుని మార్చిచ్చింది. ఇక్కడ నేను పట్టుకున్న సంగతేంటంటే, రివ్యూ ఎంత శాస్త్రీయంగా చేసినా పనిచేస్తున్న యంత్రాన్నే కొలుస్తుంది. ఎలా చస్తుందన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నకి జవాబు పాడైపోయిన పీసుల దగ్గరే ఉంటుంది. వాటిని తెప్పించి విప్పి చూడాలి.

మన దగ్గరా ఇది తెలియని సంగతి కాదు. 2022 ఏప్రిల్లో నిజామాబాదులో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒక పెద్దాయన చనిపోయారు. అదే నెలలో విజయవాడలోనూ అలాంటి ప్రాణనష్టమే జరిగింది. నిజామాబాదు ఘటన ప్యూర్ ఈవీ బండిది. ఆ నెలలోనే ఆ కంపెనీ 2,000 స్కూటర్లు వెనక్కి పిలిపించింది. దేశంలో అప్పటికే బళ్ళు కాలుతున్న వార్తలు వస్తున్నాయి, కేంద్రం విచారణకి ఆదేశించింది. మైలేజీ ఎంత, పికప్ ఎంత అని రివ్యూలు చేసినవాళ్ళు "మంటలట కదా, చూద్దాం పదండి" అని బయల్దేరారా? నాకు తెలిసినంతలో చాలా తక్కువమంది. నెక్‌బ్యాండులో ఉండేదీ లిథియం సెల్లే. బొటనవేలి గోరంత ఉంటుందనుకోండి, కానీ ఉండేది మెడ మీద.

మా టీంలో క్యూఏ అమ్మాయి లేవదీసిన అభ్యంతరం మాత్రం గట్టిది. "ఫిర్యాదులన్నీ నిజమని ఎలా అనుకుంటావు? పోటీ కంపెనీ వాడు డబ్బులిచ్చి రాయించొచ్చు. బాగున్నవాళ్ళు నోరెత్తరు, పోయినవాళ్ళే అరుస్తారు. ఎన్ని అమ్ముడయ్యాయో తెలీకుండా యాభై ఫిర్యాదులంటే ఎక్కువో తక్కువో ఎలా చెప్తావు?"

నిజమే. భిన్నంలో పైనున్న అంకె మనకు కనిపిస్తుంది, కిందున్న అంకె కంపెనీ దగ్గర మాత్రమే ఉంటుంది. అందుకే నేను "ఫిర్యాదు వచ్చింది కాబట్టి చెత్త సరుకు అని వీడియో పెట్టండి" అనట్లేదు. విచారించమంటున్నా. ఆ మాటకొస్తే ఆ అమ్మాయి రోజూ చేసే పని అదే! కస్టమర్ టికెట్ వేస్తే ఆమె దాన్ని నమ్మదు, కొట్టిపారెయ్యదు. ముందు తిరిగి రప్పించడానికి చూస్తుంది. ఒకే లక్షణం, ఒకే కాలవ్యవధి, ఒకరికొకరు తెలియని పదిమంది నోట వస్తే ప్రయారిటీ పెంచుతుంది. "సౌండు బాలేదు" అన్నది అభిప్రాయం, వదిలెయ్యొచ్చు. "ఎడమ వైపు, నాలుగో నెల" అన్నది లక్షణం, వదలకూడదు. రివ్యూయర్ చెయ్యాల్సిందీ ఇంతే. అంగట్లో తన డబ్బుతో ఇంకొకటి కొనాలి, పాడైపోయినవి రెండు మూడు చూసేవాళ్ళ దగ్గర్నుంచి తెప్పించుకోవాలి, విప్పగలిగినవాడితో విప్పించాలి, కంపెనీని సూటిగా అడగాలి. తేలినా తేలకపోయినా ఆ ముక్క పాత రివ్యూ నెత్తిమీదే రాయాలి. వీడియోకి వాడే లైట్ల ఖర్చులో ఇది ఎన్నో వంతు?

ఇదేదో జరగని పని అనుకోకండి, ఆళ్ళగడ్డలో పది నిమిషాల్లో ఐపోయింది. పోయిన సెలవుల్లో చిన్నాయన నెక్‌బ్యాండు జేబులో వేసుకుని ఆళ్ళగడ్డలో మైకుసెట్లు అద్దెకిచ్చే ఒకాయన అంగడికి పోయా. నా చిన్నప్పట్నుంచి చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళికీ, వినాయకచవితికీ, ఎలక్షన్లకీ ఆయన అహూజా యాంప్లిఫయర్లే. పక్కనే మరమ్మతులూ చేస్తాడు. కొత్త మోడలేదైనా మంచిదా అని అడిగితే ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే: "కొన్న పొద్దు అన్నీ పాడతాయబ్బీ. మూడు వినాయకచవితులు పోనీ, అప్పుడు చెప్తా." హారన్ యూనిట్ పోతే చేతిలోకి తీసుకుని వాసన చూసి "కాయిల్ కాలింది" అనేవాడు. ఎల్30 కథ చెప్తే ఆయనకి రెండో మాట అక్కర్లేదు.

నెక్‌బ్యాండు చూడగానే మల్టీమీటర్ కూడా తియ్యలేదు. మేజా బల్ల సొరుగు లాగాడు. అందులో అదే కంపెనీవి నాలుగైదు పడున్నాయి. "ఇదీ ఎడమదేనా?" అన్నాడు. ఆ తర్వాత బ్లేడుతో ఎడమ బుడిపె విప్పి చూపించాడు. వైరు లోపలికి దూరే చోట బిగింపు సరిగ్గా లేదు. ఫోనెత్తడానికి, పాట ఆపడానికి ఆ పక్కనే ఉన్న మీట నొక్కినప్పుడల్లా అక్కడే వంగుతోంది. వెంట్రుకల్లాంటి రాగి తీగలు తెగి, కొనల దగ్గర పచ్చగా చిలుము పట్టింది. సొరుగులోవి ఇంకో రెండు విప్పించా. రెండూ అక్కడే. టంకం వేసి యాభై రూపాయలు తీసుకున్నాడు. వాడ్డం రాకపోవడం కాదు, కట్టడం రాకపోవడం.

మూడు పీసులు విప్పి డిజైన్ లోపమని తీర్మానించేస్తే మా క్యూఏ అమ్మాయి నన్ను బతకనివ్వదు. అందుకే పేర్లు రాయట్లేదు. కానీ ఇంకా ముందుకెళ్ళి చూడదగ్గ విషయం ఉందని చెప్పడానికి ఆ సొరుగు చాలు. లక్షలమంది నమ్మే రివ్యూయర్ దగ్గర లేని సమాచారం ఆళ్ళగడ్డ అంగట్లో సొరుగులో ఉంది. తేడా అల్లా ఈయన దగ్గరకి చచ్చిన వస్తువులొస్తాయి, ఆయన దగ్గరకి కొత్త డబ్బాలొస్తాయి.

చిన్నాయనకి ఇదంతా చెప్తే ఆయన తన లెక్కలోకి మార్చుకున్నాడు. ఆయన వేసే శనగ రకాలు నంద్యాల వ్యవసాయ పరిశోధనా కేంద్రం వాళ్ళవి. 1906 నుంచీ ఉందది. ఒక రకాన్ని విడుదల చేసే ముందు ఏళ్ళ తరబడి వేసి చూస్తారు, మినీకిట్లని రైతుల చేతికిచ్చి వాళ్ళ పొలాల్లో కూడా పరీక్షిస్తారు. కేంద్రం మళ్ళలో బాగా పండింది కాబట్టి నీ చేలోనూ పండి తీరాలని ఎవరూ అనరు. "ఇత్తనం మొలవకుంటే నేను పోయి అడుగుతా. ఆఫీసరొచ్చి చేను సూడాల్సిందే. మరి ఈ పిల్లోడు రాడా?" అన్నాడు. విత్తనానికి అడిగే హక్కుందని తెలిసిన మనిషి, నెక్‌బ్యాండు దగ్గరికొచ్చేసరికి తప్పు తన మీద వేసుకున్నాడు. కారణం నాకు తోచినంతలో ఒకటే. విత్తనం పోతే పక్క చేనాయనదీ పోతుంది, గట్టు మీద నిలబడితే కనిపిస్తుంది. నెక్‌బ్యాండు పోతే ఎవరికి వాళ్ళే. అందరి చేలూ ఒకేసారి కనపడే గట్టు మీద నిలబడ్డవాడు రివ్యూయర్ ఒక్కడే. కంపెనీకీ కనపడుతుంది గానీ అది తనకు తానుగా చెప్పదు.

చట్టం ఏమంటుందో చూసా, ఊరికే కుతూహలం కొద్దీ. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 21వ సెక్షను ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనలో వస్తువుని సిఫారసు చేసినవాడికి పది లక్షల దాకా జరిమానా వెయ్యొచ్చు. ముందే తగినంత శ్రద్ధగా నిజానిజాలు సరిచూసుకుని ఉంటే మినహాయింపు. 2023 జనవరిలో ఇచ్చిన సూచనల్లో డబ్బుగానీ ఉచిత వస్తువుగానీ పుచ్చుకుని చెప్తుంటే ఆ సంగతి స్పష్టంగా చెప్పాలన్నారు. అన్నీ పొగిడే ముందు సంగతులే. పొగిడిన నాలుగు నెలలకి జనం వచ్చి తలుపు తడితే ఏం చెయ్యాలో చట్టం ఎత్తదు. ప్రమాదకరమైన వస్తువుల్ని వెనక్కి పిలిపించే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థకి ఉంది, కానీ ఎడమ చెవి మూగబోవడం ప్రమాదం కిందకి రాదు. చిన్నాయన లాంటివాళ్ళు 1915కి ఫోన్ చెయ్యొచ్చు. జిల్లా కమిషన్లో అయిదు లక్షల లోపు కొన్న వస్తువుకి ఫీజు కూడా లేదు. వెయ్యి రూపాయల కోసం ఉయ్యాలవాడ నుంచి ఎవరు తిరుగుతారు చెప్పండి?

రివ్యూయర్ల వైపున్న భయం కూడా నాకు తెలుసు. కంపెనీ లాయరు నోటీసు. ఇది ఉత్తుత్తి భయం కాదు. 2020 జనవరిలో పారాచూట్ కొబ్బరినూనె మీద వీడియో చేసిన ఒక యూట్యూబర్‌ని దాన్ని తీసెయ్యమని బొంబాయి హైకోర్టు ఆదేశించింది, అప్పీల్లో తర్వాత కొంత సడలించారు. దానికి ఎదురుగా 2025 ఏప్రిల్లో ఢిల్లీ హైకోర్టు, ప్రోటీన్ పొడిని ల్యాబులో పరీక్ష చేయించి ఆ రిపోర్టుల ఆధారంగా విమర్శించినవాళ్ళ వీడియోలు ఆపడానికి ఒప్పుకోలేదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకర్థమైంది ఇదే: విచారణ చెయ్యడం వల్ల రివ్యూయర్‌కి ప్రమాదం పెరగదు, తగ్గుతుంది. చేతిలో విప్పిన పీసు, ఫోటో, కంపెనీకి రాసిన ఉత్తరం ఉన్నవాడు మాట్లాడొచ్చు. ఏమీ చూడకుండా "చెత్త" అన్నవాడికే చిక్కు. ఆ మాటకొస్తే ఏమీ చూడకుండా "అద్భుతం" అన్నవాడికీ ఉండాలి గానీ, అద్భుతమన్నందుకు ఏ కంపెనీ కోర్టుకెళ్తుంది :)

మా టీం లీడు ఇప్పటికీ ఒప్పుకోలేదు. "అంత చేస్తే వాడు కంపెనీ పంపే తర్వాతి డబ్బా పోగొట్టుకుంటాడు" అన్నాడు నిన్న. అసలు కారణం అదని నాకూ తెలుసు. ఐతే అప్పుడు అది "అభిప్రాయం" అన్న పాత వాదన కాదు కదా? డబ్బా కోసం ఊరుకున్నాడని ఒప్పుకుంటే నాకు ఆయనతో గొడవే లేదు.

ఆళ్ళగడ్డలో విప్పిన మూడు పీసుల ఫోటోలు, వైరు తెగిన చోట గీత గీసి మరీ, ఆ రివ్యూయర్‌కి ఇంకో మెయిలు పంపా. కావాలంటే పీసులే పంపుతానన్నా. మూడు వారాలైంది, జవాబు లేదు. ఈలోపు అదే కంపెనీ కొత్త మోడల్ మీద వీడియో వచ్చింది, "ఎడమా కుడీ రెండూ అదిరిపోయాయి" అంటున్నాడు. పాత వీడియో కింద కొనుగోలు లింకు మొన్న నొక్కి చూసా. ఇంకా పనిచేస్తోంది.